ఓడినవాళ్ల విందు

"మీవాళ్లు ఆడేది ఫుట్‌బాలా అండీ, లారీలోకి బస్తాలు ఎగరేయడమా?"

నా వెనక వరసలోంచి వచ్చిందా మాట. అప్పటికి మా ఎర్ర కాలేజీ రెండు గోల్స్ వెనకబడి ఉంది. గ్రౌండ్ మొత్తానికి నీడ ఒక్క షామియానా కిందే కాబట్టి రెండు కాలేజీల అభిమానులూ అక్కడే ఇరుక్కుని కూచోవాలి. వెనక్కి తిరిగాను. నీలం చుడీదారు, ఎండకి నెత్తిన చున్నీ, చేతిలో ఉప్పూకారం అద్దిన జామకాయ ముక్క.

"బస్తాలైతే మీ కీపర్ అంత భయపడేవాడు కాదు," అన్నాను.

"భయపడ్డం ఎక్కడండీ? నిద్రపోతున్నాడు పాపం. మీ బంతి ఎప్పటికైనా వస్తుందని చూసీ చూసీ."

నా పక్కనున్న నాగూర్ వలి ఫక్కున నవ్వాడు. వాడు నాతోపాటే చదివినవాడు, ఒకప్పటి మా టీమ్ కీపర్. ఇప్పుడు మిర్చి యార్డు బయట టార్పాలిన్ పట్టాల కొట్టు నడుపుతున్నాడు.

"ఏరా, నువ్వెవరి పక్షం?"

"నవ్వొస్తే నవ్వాలి గదరా!"

నేను మళ్లీ ఆమె వైపు తిరిగాను. "బంతిని దూరంగా ఎగరగొట్టే లాంగ్ బాల్ మా ట్రెడిషన్ అండీ. మా సీనియర్లు అలాగే ఆడారు, వాళ్ల సీనియర్లూ అలాగే ఆడారు."

"ఓడిపోవడం కూడా ట్రెడిషనేనా?"

"పోయిన ఏడాదికి ముందేడు కప్పు మాదే."

"ఆ ఏడు మా టీమ్‌లో సగం మందికి డెంగ్యూ."

"డెంగ్యూ వస్తే మాత్రం? కప్పు కప్పే!"

"అదీ నిజమే," అంది ఆమె, జామకాయ కొరుకుతూ. "దోమలకి కూడా ఒక మెడల్ ఇవ్వాల్సింది."

మా రెండు కాలేజీల అసలు పేర్లు బోర్డుల మీదే ఉంటాయి. గుంటూరులో అందరికీ ఒకటి ఎర్ర కాలేజీ, ఇంకోటి నీలి కాలేజీ. జెర్సీల రంగును బట్టి వచ్చిన పేర్లవి. ఏటా ఫిబ్రవరిలో ఒక్క మ్యాచ్. ఆ మ్యాచ్ కోసం చదువు అయిపోయి అయిదారేళ్లయినవాళ్లు కూడా పనులు మానుకుని వస్తారు. నేను వచ్చినట్టే.

ఆ ఏడు మూడు-సున్నాతో ఓడిపోయాం. తరువాతి ఆదివారం ఓడినవాళ్ల విందు.

ఈ విందు సంగతి చెప్పాలి. ఒకప్పుడు మ్యాచ్ అయ్యాక రాళ్లు లేచేవట, తలలు పగిలేవట. చివరికి రెండు కాలేజీల ఫిజికల్ డైరెక్టర్లు కూచుని ఒక ఏర్పాటు చేశారు. ఓడిన కాలేజీ పాత విద్యార్థులూ ఆటగాళ్లూ వంట చేయించి, గెలిచినవాళ్లకు స్వయంగా వడ్డించాలి. వడ్డించేవాళ్లు నోరెత్తకూడదు. గెలిచినవాళ్లు తినాలి. అయితే ఆకు ముందు నుంచి లేచేలోగా వరసకొకరు నిలబడి, ఓడిన జట్టు ఆటలో తమ కళ్లతో చూసిన ఒక మంచి సంగతి చెప్పాలి. పొడి పొడి మాటలు కుదరవు. అబద్ధం అసలు కుదరదు. ఇది పరువు తక్కువని కుర్రాళ్లూ, ఇదే పరువని పెద్దలూ ఏటా వాదించుకుంటారు. వాదన తెగేలోగా సాంబారు వచ్చేస్తుంది.

ఆ రోజు నా చేతిలో గోంగూర బకెట్టు.

"ఇంకొంచెం," అంది ఆమె ఆకు ముందు కూచుని. వేశాను. "ఇంకొంచెం." మళ్లీ వేశాను. "మీ గోంగూరలో ఉన్న పదును మీ ఫార్వర్డ్స్‌లో ఉంటే బాగుండేది."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. వడ్డించేవాణ్ణి. మింగేశాను. అది కనిపెట్టి ఆమె కళ్లతోనే నవ్వింది.

ఆ వరస తరఫున మాట్లాడడానికి లేచింది కూడా ఆమే.

"మీ ఐదో నంబరు చివరి పది నిమిషాలు ఒంటికాలి మీద ఆడాడు," అంది. గొంతులో వెటకారం లేదు. "పిక్క పట్టేసింది. చెబితే బయటికి పిలుస్తారని ఎవరికీ చెప్పలేదు. మూడు గోల్స్ పడ్డాక నాలుగోది పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి? అయినా పడనివ్వలేదు. అది నేను చూశాను."

మంచినీళ్ల జగ్గుతో నిలబడ్డ మా ఐదో నంబరు మొహం అటు తిప్పుకున్నాడు. నేను గోంగూర బకెట్టు పట్టుకుని అలాగే ఉండిపోయాను. మిర్చి యార్డులో రోజుకి కొన్ని వందల టిక్కీల, అంటే బస్తాల, కాయని చూపుతోనే రకం కట్టేవాణ్ణి. మావాడి కుంటి నడక నాకు కనపడలేదు. పగవాళ్ల పిల్లకి కనపడింది.

ఆమె పేరు అమూల్య. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఆ విందు మొదలుపెట్టిన ఇద్దరు ఫిజికల్ డైరెక్టర్లలో ఒకరైన రామమూర్తి మాస్టారి కూతురు. అవన్నీ ఆ సాయంత్రమే వాకబు చేశాను.

నా పేరు చైతన్యకృష్ణ. మాది ప్రత్తిపాడు. రెండెకరాల మిర్చి, యార్డులో కొనుగోలు కొట్టు. డిగ్రీ అవగానే నాన్న యలమందయ్య నన్ను పక్కన నిలబెట్టుకుని పని నేర్పాడు. టిక్కీ కుట్టు విప్పి గుప్పెడు కాయ తీయాలి. విరిచి చూడాలి. తెల్లబడ్డ తాలు కాయ ఏమాత్రం ఉందో, తేమ ఎంతుందో పట్టుకోవాలి. చివరగా ఒక సంగతి చెప్పాడు. సరుకు ఎంత నచ్చితే అంత వంక పెట్టాలి. కొనేవాడు నోరు జారి బాగుందన్నాడా, బేరం పోయినట్టే. మహా నచ్చితే 'ఫర్వాలేదు' అను, అంతకు మించి ఒక్క అక్షరం వద్దు.

ఆ పాఠం నాకు ఎంత బాగా వచ్చిందంటే, యార్డు గేటు దాటాక కూడా వదల్లేదు.

అమూల్యతో పరిచయం టీమ్‌ల మీద తగువుతోనే సాగింది. ఆమె ఫోన్‌లో మెసేజ్ పెట్టేది: 'మీ కొత్త కోచ్ కూడా లాంగ్ బాలేనట, సంతాపం.' నేను రాసేవాణ్ణి: 'మీవాళ్ల పాస్‌లు చూస్తే పెళ్లిలో తాంబూలాలు అందించుకున్నట్టుంటుంది.' వారానికోసారి బ్రాడీపేటలో కాఫీ. కాఫీ ఆమెకి నచ్చితే నేను డికాక్షన్ పలచన అనేవాణ్ణి. ఆమె కొత్త స్కూటర్ కొంటే హారన్ పీలగా ఉందన్నాను. ఆమె నవ్వేది. సరదాకి అంటున్నాననుకునేది.

మార్చి చివర ఒక సాయంత్రం అకాల వాన. కల్లంలో ఆరబోసిన కాయ మీదికి నాగూర్ వలి కొట్లోంచి ఇంకో పట్టా తీసుకుని బండి మీద ప్రత్తిపాడు బయల్దేరాను. బ్రాడీపేట దాటకముందే చినుకులు లావయ్యాయి. కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర అమూల్య తడిసిపోతూ నిలబడి ఉంది.

"ఆ పట్టా ఏం చేస్తారు?"

"మిర్చికి."

"మిర్చి ఇక్కడ లేదుగా. నేనున్నాను."

ఇద్దరం పట్టా చెరో అంచు నెత్తిన పట్టుకుని నిలబడ్డాం. చప్పుడుకి మాట వినపడడం లేదు. ఆమె కనురెప్ప మీద ఒక చినుకు నిలిచింది, రాలదు. అటే చూస్తున్నాను. జేబులో ఫోన్ మోగుతోంది, నాన్నే అయ్యుంటాడు. తీయలేదు.

"ఏంటలా చూస్తున్నారు?"

ఎంతో చెప్పాలనుంది. నోటికి వచ్చింది ఇది: "ఆ చెప్పులు వానకి పనికిరావు."

"ఇంకా?"

"జడ వదులుగా వేశారు."

"ఇంకా?"

ఊపిరి పీల్చుకున్నాను. "మొత్తమ్మీద... ఫర్వాలేదు."

ప్రేమ చెప్పేశాననుకుని ఇంటికెళ్లాను. కాయ కొంత తడిసింది. నాన్న తిట్టాడు. ఒక్కటీ చెవికెక్కలేదు.

మీరు నుంచి నువ్వులోకి ముందుగా దిగింది ఆమే. వానాకాలం వెళ్లాక ఒకరోజు సూటిగా అడిగింది. "నాకు నువ్వంటే ఇష్టం చైతన్యా. నీకు?"

"నాకేం అభ్యంతరం లేదు," అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "ఇలా ఒప్పుకున్నవాణ్ణి ఎక్కడా చూళ్లేదు!" అంది. అదృష్టవంతుణ్ణి, అప్పటికి నవ్వింది.

మరుసటి ఫిబ్రవరి మ్యాచ్‌కి షామియానా కింద చోటు దొరక్క నేను నీలి కాలేజీ గోల్‌పోస్ట్ వెనక గోడ పక్కన ఎండలోనే కూచున్నాను. ఆట ఒకటి-ఒకటి. ఇంకో అయిదు నిమిషాలే ఉంది. మావాడు కొట్టిన బంతి కీపర్ వేళ్ల చివర రాసుకుంటూ బయటికి పోయింది. రిఫరీకి అది కనపడలేదు. బంతి నీలివాళ్లదే, గోల్ కిక్ అని చెయ్యి చూపించబోయాడు. నీలి కీపర్ పేరు జాన్ బాషా. అతను తలవంచుకుని రెండడుగులు ముందుకొచ్చి, "నా వేలికి తగిలింది సార్," అన్నాడు. నెమ్మదిగా. నాకు వినపడింది, రిఫరీకి వినపడింది. గ్రౌండ్‌లో ఇంకెవరికీ వినపడలేదు. రిఫరీ మాకు కార్నర్ ఇచ్చాడు. ఆ కార్నర్ మీదే గోల్ పడింది. రెండు-ఒకటితో గెలిచాం.

నావాళ్లు డప్పులు కొడుతుంటే నీలి టీమ్ మొత్తం జాన్ బాషా మీద పడింది. బంతి పట్టుకోవడం రాదా అని. అతను ఏమీ చెప్పలేదు.

విందుకి ముందురోజు అమూల్య ఫోన్ చేసింది. "నాన్నకి మన సంగతి చెప్పాను. కులం గురించి అమ్మ కొంచెం ఏడ్చింది, సర్దుకుంటుంది. నాన్న మాత్రం ఒకటే అన్నారు. రేపు మీ వరస తరఫున నువ్వు మాట్లాడతావటగా, వింటానన్నారు. మనిషి ఎలాంటివాడో అక్కడ తెలుస్తుందట."

"అంతేనా?"

"అంతే. నిజంగా చూసింది చెప్పు చాలు."

ఈసారి వడ్డించేది నీలివాళ్లు. మాస్టారే పంచె ఎగ్గట్టి నెయ్యి గిన్నె పట్టుకున్నారు. నా ఆకులో పులిహోర వేసింది అమూల్య, మామూలు కన్నా ఒక గరిటె ఎక్కువ. చివర పెరుగన్నం అయ్యాక నేను లేచాను. మాస్టారు గిన్నెతో ఆగి నా వైపు చూశారు. స్తంభం దగ్గర జాన్ బాషా ఉన్నాడు. చెప్పాల్సింది నా దగ్గర సిద్ధంగా ఉంది. ఆ ఇల్లు, ఆ పిల్ల, ఆ పెద్దాయన మెప్పు, అన్నీ కావాలి నాకు. జీవితంలో దేన్నీ అంత కోరుకోలేదు.

కోరుకున్నాను గనకే నోరు దాని దారి అది చూసుకుంది.

"డిఫెన్స్‌లో ఎడం వైపు వదులుగా ఉంది. పాస్‌లు బాగానే ఉన్నా ఆలస్యం. కీపర్ ఇంకా కుదురుకోవాలి. మొత్తమ్మీద... ఫర్వాలేదు."

సందడంతా ఆగిపోయింది. మావాళ్లలో కూడా ఎవరూ నవ్వలేదు. మాస్టారు చూపు తిప్పుకున్నారు. నెయ్యి గిన్నెతో పక్క ఆకు దగ్గరికి వెళ్లిపోయారు. జాన్ బాషా నీళ్ల డ్రమ్ము వైపు నడిచాడు.

నేను మళ్లీ కూచున్నాను. అమూల్య నా ముందుకొచ్చి వంగింది. "లే. ఆకు తీయాలి."

ఆ సాయంత్రం ఫోన్‌లో ఆమె అరవలేదు. అరిచి ఉంటే నయం.

"ఏడాది నుంచి నువ్వు నా గురించి ఒక్క మంచి మాట అన్నావా? గుర్తు చేసుకో. నేను వెతికాను, దొరకలేదు. స్కూటర్, కాఫీ, చెప్పులు, జడ... నేనేమన్నా మిర్చి టిక్కీనా చైతన్యా, కుట్టు విప్పి వంకలు పెట్టడానికి?"

"అది అలవాటు అమూల్యా. మా దగ్గర ఫర్వాలేదంటే చాలా పెద్ద..."

"మీ దగ్గర. నేను మీ యార్డులో ఉండను. నాన్న ఏమన్నారో తెలుసా? మంచి కనపడనివాడికి నేర్పొచ్చమ్మా, కనపడినా చెప్పనివాడింట్లో మనిషి ఎండిపోతుంది, అన్నారు. ఒంగోలు నుంచి సంబంధం వచ్చింది. వచ్చే వారం చూడ్డానికి వస్తున్నారు. రావద్దని చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉండాలి. ఉందా?"

నేను ఏదో అనేలోగా ఫోన్ పెట్టేసింది.

నాలుగు రోజులు యార్డులో కాయ రంగు కూడా తెలియలేదు నాకు. అయిదో రోజు ఆదెమ్మ వచ్చింది. ఆమెది ప్రకాశం జిల్లా వైపు ఊరు. కౌలు చేనులో తేజ రకం పండించి ఏటా మా కొట్టుకే తెస్తుంది. నాన్న కుట్టు విప్పాడు. గుప్పెడు తీశాడు. నిప్పులా ఎర్రగా, గలగలా ఎండిన కాయ. ఒక్క తాలు లేదు.

"తేమ ఉంది," అన్నాడు నాన్న. "తొడిమ కూడా నలుపు."

ఆదెమ్మ ఆ కాయ వంకే చూస్తూ అంది. "నలబై ఏళ్ల నుంచి తెస్తన్నానయ్యా యలమందయ్యా. మీ నాయన కాడికీ తెచ్చా, నీ కాడికీ తెచ్చా. ఒక్క ఏడన్నా బాగుందని అనిపించుకోకుండానే పోతానేమో."

ఆమె ఎవర్నీ నిలదీయలేదు. తనలో తను అనుకున్నట్టు అంది. నాకు మాత్రం అది అమూల్య గొంతులాగే వినపడింది.

"ఈ ఏడు యార్డుకి ఇంత మంచి కాయ రాలేదు ఆదెమ్మా," అన్నాను. "తేమ లేదు. తొడిమ నలుపూ లేదు. ఇలా ఆరబెట్టడం మాకే చేతకాదు. నువ్వెట్టా ఆరబెడతావు?"

నాన్న నన్ను చూసిన చూపు చెప్పలేను. ఆదెమ్మ మొదట నమ్మలేదు. తరువాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత అరగంట సేపు చెప్పింది. పొద్దున ఎన్నిసార్లు తిరగేస్తుంది, మంచు పడకముందే ఎలా కుప్ప చేస్తుంది, కోడళ్లు ఎలా విసుక్కుంటారు. పక్క కొట్లవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. కాయని మంచి ధరకే మేమే కొన్నాం.

"బుద్ధుందా నీకు?" అన్నాడు నాన్న ఆమె వెళ్లాక. "అట్టా మెచ్చుకుంటే రేపు కొట్టు మూసుకోవాలి."

"రేపు ఆమె కాయ ఇంకెక్కడికీ పోదు నాన్నా."

నాన్న ఏదో అనబోయి మానేశాడు. ఆయన కూడా వ్యాపారస్తుడే.

ఇంటికెళ్లి అన్నం తింటూ, "అమ్మా, ఈ దోసకాయ పప్పు అద్భుతంగా ఉంది," అన్నాను. మా అమ్మ రాఘవమ్మ గబగబా వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఏరా, ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉందమ్మా."

"మీ నాయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు ఫర్వాలేదన్నాడు. ముప్పై ఏళ్లయింది. అప్పటి నుంచీ ఫర్వాలేకుండానే ఉన్నా," అంది అమ్మ. పీట వాల్చుకుని నా ఎదురుగా కూచుంది. "ఇంకోసారి అను."

మర్నాడు పొద్దున్నే బ్రాడీపేట వెళ్లాను. మాస్టారు వరండాలో పేపర్ చదువుతున్నారు. లోపల అమూల్య వాళ్లమ్మ కనకలక్ష్మి గారు కాఫీ కలుపుతున్న చప్పుడు. అమూల్య పొద్దుటి క్లాసుకి వెళ్లిందట.

"మాస్టారూ, విందులో చెప్పాల్సింది చెప్పలేదండి. ఇప్పుడు చెప్పుకోవచ్చా?"

కళ్లజోడు తీసి, కుర్చీ చూపించారు. కూచోకుండానే జాన్ బాషా సంగతి చెప్పాను. వేలు, రిఫరీ, కార్నర్, అన్నీ.

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. "ఇది నీకు ఆ రోజే తెలుసా?"

"తెలుసండి."

"మరి?"

"నచ్చినదాన్ని మెచ్చుకోకూడదని నేర్చుకున్నానండి. మెచ్చుకుంటే చెయ్యి జారిపోతుందని. మీ అమ్మాయి విషయంలోనూ అదే చేశాను. ఇన్ని వంకలు పెట్టానే, ఒక్కటీ నిజం కాదు. అర్థంకాని పిల్లలకి అదే లెక్క నాలుగోసారి చెప్పినా గొంతు మారదు. మెట్ల మీద నిలబడి ఎన్నోసార్లు విన్నాను. ఓడిపోయిన రోజు నవ్వుతుంది, గెలిచిన రోజు ఎదుటివాళ్ల మొహాలు చూస్తుంది. తను చూశాకే నాకూ చూడాలని తెలిసింది. అందుకు మీకు రుణపడి ఉన్నానండి. ఇవాళ బేరానికి రాలేదు. అడగడానికి వచ్చాను."

"నాకు చెబితే ఏం లాభమయ్యా?" అన్నారు మాస్టారు. గొంతు కటువుగానే ఉంది. "పది రోజులుగా ఆ కుర్రాడు గ్రౌండ్‌కి వస్తున్నాడు. ఒక్కడూ వాడికి బంతి వేయడం లేదు. వాడు ఒక్క ముక్క నోరు విప్పి చెప్పుకోలేదు. నువ్వు ఆ రోజు నోరు విప్పి ఉంటే?"

తలవంచుకున్నాను. "ప్రాక్టీసు ఎన్నింటికండీ?"

"అయిదున్నరకి."

నాగూర్ వలిని వెంట రమ్మన్నాను. "మన గెలుపు వాళ్ల పుణ్యమేనని వాళ్ల గ్రౌండ్‌లో నిలబడి చెబుతావా? మనోళ్లు నిన్ను బతకనివ్వరు," అన్నాడు. కాసేపు బండి తాళం వేలికి తిప్పాడు. "పద. కీపర్‌గా నిలబడ్డవాణ్ణి. పట్టిన బంతులు ఎవరికీ గుర్తుండవురా. ఒక్కడన్నా చెప్పాలి."

ఎర్ర కాలేజీ వాళ్లు నీలి గ్రౌండ్‌లో అడుగుపెడితే ఈలలు రావడం మామూలే. వచ్చాయి. "ఏం అన్నా, మా డిఫెన్స్ ఇంకా వదులుగానే ఉందా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. జాన్ బాషా దూరంగా గోల్‌పోస్ట్ దగ్గర ఒక్కడే గోడకి బంతి కొట్టుకుంటున్నాడు. మాస్టారు గేటు దగ్గర ఉన్నారు. పక్కన అమూల్య, చేతులు కట్టుకుని.

చెప్పాను. ఆ రోజు విందులో చెప్పాల్సిన గొంతుతోనే చెప్పాను. "మీ కీపర్ వేలికి బంతి తగిలిందని అతనే చెప్పాడు. చెప్పకపోతే ఆట ఒకటి-ఒకటి. మాకు కార్నర్ లేదు, గోల్ లేదు. మా కప్పు అతను ఇచ్చింది. ఇంత మంచి ఆట నేను ఎర్ర జట్టులోగానీ నీలి జట్టులోగానీ చూళ్లేదు. చూసి కూడా విందులో చెప్పలేదు, అది నా తప్పు."

ఈలలు ఆగిపోయాయి. కెప్టెన్ జాన్ బాషా వైపు తిరిగాడు. "ఏరా, నిజమా?"

జాన్ బాషా బంతి చంకలో పెట్టుకుని, తప్పు చేసినవాడిలా తలూపాడు.

"మాకు చెప్పొచ్చుగదరా!"

"చెబితే గొప్పలు పోతున్నానంటారని."

కెప్టెన్ వెళ్లి అతని మెడ చుట్టూ చెయ్యి వేశాడు. మిగతా తొమ్మిది మంది మీద పడ్డారు. ఆ గుంపులోంచి జాన్ బాషా తల ఒక్కటి బయటికొచ్చి అరిచింది. "అన్నా! ఇంకోసారి చెప్తావా? మా అమ్మకి వీడియో తీసుకుంటా!"

రెండోసారి కూడా చెప్పాను. మొదటిసారి కన్నా బాగా వచ్చింది.

గేటు దగ్గరికి వచ్చేసరికి అమూల్య కళ్లు తడిగా ఉన్నాయి. మొహం మాత్రం తగువులోనే ఉంది. "పొద్దున మా ఇంట్లో కూడా ఏదో చెప్పావట. నాన్న సగం చెప్పి కాఫీ తాగేశారు."

"మళ్లీ చెప్పనా?"

"ఇక్కడ వద్దు. ఒంగోలు వాళ్లకి ముందు ఫోన్ చేయాలి." ఆమె ఫోన్ తీసింది. "కారణం అడుగుతారు. మాటకారి అబ్బాయి దొరికాడని చెబుతాను."

మాస్టారు దగ్గి, "ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురా," అన్నారు. "ఏ కాలేజీ ఓడిందని పెట్టే విందు కాదిది. మామూలు భోజనం."

ఆదివారం బండి ఎక్కేముందు అమ్మ నాన్నకి నాలుగుసార్లు చెప్పింది, నోరు జాగ్రత్త అని. భోజనాలయ్యాక కనకలక్ష్మి గారు భయం భయంగా అడిగారు. "అమ్మాయి ఎలా అనిపించిందండీ, అన్నయ్యగారూ?"

నాన్న నోరు తెరిచాడు. అమ్మ చీర కొంగు బిగించి పట్టుకుంది. నేను నేల చూశాను. ముప్పై ఏళ్ల అలవాటు ఆయన గొంతు దాకా వచ్చి, అక్కడే కాసేపు పెనుగులాడింది.

"అమ్మాయికేం అమ్మా, బంగారం," అన్నాడు చివరికి, చెమట తుడుచుకుంటూ. "మావాడే కొంచెం తేమ. మీ ఇంట్లో ఆరబెట్టుకోవాలి."

మాస్టారి నవ్వుకి వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

శుభలేఖలు అచ్చయి వచ్చాక, మొదటిది ఎవరికివ్వాలో నాకు తెలుసు. అమూల్యని బండి మీద ఎక్కించుకుని ఆదెమ్మ ఊరు వెళ్లాను. దారి పొడవునా మా లాంగ్ బాల్ మీద తగువు. పత్తి చేలలో పత్తి తీసేవాళ్లు మా అరుపులకి తలెత్తి చూశారు. ఆదెమ్మ కల్లంలో కాయ తిరగేస్తోంది. అమూల్య దిగి, చెప్పులు విడిచి, కార్డు రెండు చేతులా అందించి, ఆమె కాళ్లకి దణ్ణం పెట్టింది.

"ఎందుకమ్మా నాకు?" అంది ఆదెమ్మ కంగారుగా.

"మీరు ఆ రోజు ఆ మాట అనకపోతే నాకీ పెళ్లి లేదు, అవ్వా."

ఆదెమ్మకి అది అర్థమైందో లేదో. కార్డు కళ్లకి అద్దుకుని బొడ్లో దోపుకుంది. అమూల్యని ఎగాదిగా చూసి నా వైపు తిరిగింది.

"పిల్ల ఎట్టాంటిదయ్యా?"

అమూల్య కూడా నా వైపు తిరిగింది. వినడానికి.

"ఒక్క మాటలో తెమలదు ఆదెమ్మా," అన్నాను.

ఆదెమ్మ పట్టా ఒకటి మడిచి నీడలో వేసింది. ముగ్గురం కూచున్నాం. మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాను.